బిలాస్‌పూర్‌లో బండి దిగారా? ఇక ముక్కున వేలేసుకోండి!

మీకు తెలుసా? ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారం పొడవు 802 మీటర్లు! మొదటి పెట్టెలో దిగి, ఆ చివరి పెట్టెలో ఉన్న బావగారిని పలకరించి, మళ్ళీ వెనక్కి వచ్చేసరికి కిలోమీటరున్నర నడక. డాక్టరుగారు చెప్పిన వాకింగ్ ఆ రోజుకి సరి!

దీనికన్నా పొడుగైనవీ ఉన్నాయి. హుబ్బళ్ళి ప్లాట్‌ఫారం 1,507 మీటర్లు, గోరఖ్‌పూర్‌ది 1,366. కానీ వాటి సంగతి ఇంకోరోజు. ఇవాళ మన సవారీ బిలాస్‌పూర్‌లోనే. బండి దిగండి, నడుద్దాం!

మీకు తెలుసా? ఈ ఊరికి పేరిచ్చింది రాజూ కాదు, రాణీ కాదు. చేపలు పట్టే కుటుంబంలోని ఒక ఆడపడుచు! అర్పా నది ఒడ్డున బిలాసా అనే కేవట్ల అమ్మాయి ఉండేదనీ, ఊరికి ఆమె పేరే వచ్చిందనీ ఇక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 2021 మార్చి 1న ఇక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. మరి ఆ విమానాశ్రయం పేరేమిటో చెప్పుకోండి చూద్దాం. బిలాసాదేవి కేవట్ విమానాశ్రయం! వల విసిరిన అమ్మాయి పేరు ఇప్పుడు మబ్బుల్లో తిరుగుతోంది!

హిమాచల్‌ప్రదేశ్‌లోనూ ఒక బిలాస్‌పూర్ ఉంది, తెలుసా? టిక్కెట్టు తీసేముందు రాష్ట్రం పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. స్వెట్టరు వేసుకుని కొండలకని బయల్దేరి బొగ్గుగనుల మధ్య తేలగలరు!

ఇంకోటి. బిలాస్‌పూర్ స్టేషన్ కోడ్ ఏమిటో తెలుసా? బీఎస్పీ! 1984లో బహుజన్ సమాజ్ పార్టీ, అదే బీఎస్పీ, పుట్టింది. అదే ఏడు పార్టీ స్థాపకుడు కాన్షీరామ్ లోక్‌సభకు మొట్టమొదటిసారి పోటీ చేసింది ఎక్కడనుకున్నారు? అప్పటి బిలాస్‌పూర్ జిల్లాలోని జాంజ్‌గీర్-చాంపా నుంచి! ఇంత చక్కని కాకతాళీయం కావాలని వెతికినా దొరకదు!

మీకు తెలుసా? ఇక్కడి రైలుమార్గం వేసిన కంపెనీ పేరులో బెంగాల్ ఉంది, నాగపూర్ ఉంది, మధ్యలో ఉన్న బిలాస్‌పూర్ మాత్రం లేదు! 1887లో పుట్టింది బెంగాల్ నాగపూర్ రైల్వే. మనవాళ్ళ నోట ముద్దుగా బీఎన్ఆర్. 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా పట్టాలు పరిచేసింది. పేరులో చోటు దక్కకపోయినా బిలాస్‌పూర్ ఊరుకుందా? ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఏకంగా రాజధాని అయి కూర్చుంది! 2003 ఏప్రిల్ 5న జోన్‌ను జాతికి అంకితం చేశారు. నాగపూర్, రాయ్‌పూర్ డివిజన్లు ఇప్పుడు బిలాస్‌పూర్ కిందే! బదులు తీర్చుకోవడమంటే ఇదీ!

పట్టాల వెంటే జనం వచ్చారు. గుమస్తాగిరీకి బెంగాలీలు, ఇంజన్ల మీదికి ఆంగ్లో ఇండియన్లు, షెడ్లకూ పట్టాల పనికీ ఒడియావాళ్ళు, బిహారీలు, తమిళులు... ఆగండాగండి, అసలైనవాళ్ళు ఇంకా రాలేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి మూటాముల్లె సర్దుకుని బండెక్కిన మన తెలుగువాళ్ళు! ఇప్పుడు వాళ్ళ మునిమనవలు ఛత్తీస్‌గఢీలో బేరమాడి, హిందీలో చదువుకుని, అమ్మమ్మతో మాత్రం మన ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతారు. ఒక్క నోట మూడు భాషలు, ఒక్క క్షణం తడబాటు ఉండదు!

ఉత్తరాంధ్రవాళ్ళే ఎందుకొచ్చారో తెలుసా? సమాధానం రైల్వే పటంలోనే ఉంది. వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న 514 కిలోమీటర్ల తూర్పుకోస్తా లైను 1902లో బీఎన్ఆర్ చేతికొచ్చింది. అంటే మన సముద్రతీరమూ, ఛత్తీస్‌గఢ్ అడవులూ ఒకే కంపెనీ కింద! ఇక విజయనగరం నుంచి పార్వతీపురానికి 1909 నాటికే బండి వచ్చినా, అక్కణ్ణుంచి కొండలు దాటి రాయ్‌పూర్ చేరడానికి 1931 దాకా పట్టింది. ఆ లైను పూర్తయ్యాక పార్వతీపురంలో బండెక్కినవాడికి బిలాస్‌పూర్ పొరుగూరే!

ఇప్పుడైతే మరీ హాయి. బిలాస్‌పూర్ నుంచి నేరుగా తిరుపతికే ఎక్స్‌ప్రెస్ ఉంది! పక్కనున్న కోర్బా నుంచి విశాఖకు ఇంకోటి. ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కిన జుట్టు తిరుపతిలో దిగేసరికి మొక్కుకి సిద్ధం!

మీకు తెలుసా? బీఎన్ఆర్ కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన తెలుగువాడు తర్వాత ఏకంగా రాష్ట్రపతి అయ్యారు! ఎవరో తట్టిందా? వరాహగిరి వెంకటగిరి! 1928లో, పనిలోంచి తీసేసిన కార్మికుల కోసం బీఎన్ఆర్‌లో అహింసాయుతంగా సమ్మె నడిపించి కంపెనీ మెడలు వంచారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య పుట్టుకలోనూ ఆయన చెయ్యి ఉంది. 1969లో రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు. రైలు కూలీ పక్షాన నిలబడి మొదలుపెట్టిన ప్రయాణం ఏ స్టేషన్లో ఆగిందో చూశారా! ఏ రైల్వే కాలనీలోనైనా ఈ మాట గర్వంగా చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి కూడా.

సరే, కాళ్ళకు పని చెబుదాం. స్టేషన్ దాటి రైల్వే కాలనీలోకి నడవండి. ఈ పేటలో గైడుతో పని లేదు, గుడిగంట విని చెప్పేయవచ్చు ఎవరి వీధిలో ఉన్నామో!

మీకు తెలుసా? ఇక్కడ నడకదూరంలోనే మూడు నాలుగు రాష్ట్రాల దేవుళ్ళున్నారు! బెంగాలీల కాళీబాడీ, ఒడియావాళ్ళ జగన్నాథ మందిరం, దక్షిణాదివాళ్ళ మారిమాయి గుడి... అన్నీ రైల్వే ప్రాంతంలోనే. ఆషాఢంలో ఇక్కడే రథం లాగవచ్చు, శరత్తులో ఇక్కడే దుర్గమ్మ పందిట్లో ఢాక్ వాద్యం వినవచ్చు. పూరీకి, కోల్‌కతాకు టిక్కెట్ల ఖర్చు మిగిలినట్టే!

మరి మన అమ్మవారో? బారా ఖోలీ అనే చోటికి రండి. అక్కడ తెలుగువాళ్ళు ఏటా ఎండాకాలంలో సోలాపురి మాత పూజలు చేస్తారు. నెత్తిన ఘటాలు, చేతిలో వేపమండలు, పసుపు రాసిన పాదాలు, వాకిళ్ళలో పసుపునీళ్ళు. ఊరేగింపు వస్తుంటే పక్కింటి బెంగాలీ పిన్నిగారు కూడా చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ఆ డప్పు వినండి. ఏ పలాసలోనో, బొబ్బిలిలోనో ఉన్నామనుకోకపోతే అడగండి!

ఊళ్ళో ఆంధ్ర సమాజం కూడా ఉంది, తెలుసా? ఉగాదికి షడ్రుచులకు లోటు లేదు. వేపపువ్వు దొరుకుతుందా అని అనుమానమా? బయట వేపచెట్ల కింద నిలబడే ఆ ప్రశ్న వేస్తారేమిటండీ!

మీకు తెలుసా? ఇక్కడ బజార్లకు వారాల పేర్లు! రైల్వేవాళ్ళకు దగ్గర్లో బుధవారీ బజార్. పాతూరు వైపు, అర్పా ఒడ్డున శనిచరీ బజార్. ఇప్పుడు అన్నిరోజులూ తెరిచే ఉంటాయి. మంగళవారం నాడు బుధవారీకి వెళ్ళి శనివారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవచ్చన్నమాట!

కూరగాయలంటే గుర్తొచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో అమారీ భాజీ అని ఒక ఆకుకూర తెగ తింటారు. పుల్లగా ఉంటుంది, కాడలు ఎర్రగా ఉంటాయి. చూడగానే తెలుగువాడి గుండె ఝల్లుమంటుంది. అవును, మన గోంగూరే! వందల కిలోమీటర్లు వచ్చినా ఈ బంధువు వదల్లేదు!

ఇంకో బంధువు కూడా ఉంది, తెలుసా? రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున్నే ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకుని తినడం. మన చద్దన్నం! ఇక్కడ దాన్ని బోరే బాసీ అంటారు. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, సాక్షాత్తూ ముఖ్యమంత్రి పిలుపునిస్తే రాష్ట్రమంతా బోరే బాసీ తింది. మంత్రులు, కలెక్టర్లు గిన్నెలు పట్టుకుని ఫొటోలు దిగారు! మన అమ్మమ్మ ఎన్నేళ్ళనుంచో చెబుతున్న మాటకు ప్రభుత్వ ముద్ర పడింది!

దోసె కావాలా? బియ్యప్పిండి కలిపి పెనం మీద పోసే చీలా ఉంది. పప్పు నానబెట్టలేదని, పిండి పులవలేదని బెంగ లేదు. కలిపారా, పోశారా, తిన్నారా!

మీకు తెలుసా? అర్పా నది మీద తోర్వా దగ్గర బిహారీల ఛఠ్ పండుగ కోసం కట్టిన ఘాట్ ఉంది. దేశంలోకెల్లా పెద్ద ఛఠ్ ఘాట్ మాదేనని ఊరివాళ్ళు ఛాతీ విరుచుకుని చెబుతారు. బిహార్ నుంచి బంధువులొచ్చి చూసి వెళుతుంటే ఆ గర్వానికి అర్థముంది మరి!

ఇక ఇది వినండి. రైలు పట్టాల ఊళ్ళో ఒక పేట ఉంది, దాని పేరు హేమూనగర్. సింధీల అభిమాన వీరుడు హేమూ కాలాణీ పేరు అది. ఆ కుర్రవాణ్ణి తెల్లవాళ్ళు ఎందుకు ఉరితీశారో తెలుసా? బ్రిటిష్ సైన్యాన్ని మోసుకొస్తున్న రైలును పడగొట్టాలని పట్టాల ఫిష్‌ప్లేట్లు ఊడదీయబోయినందుకు! 1943 జనవరి 21న సుక్కూర్ జైల్లో ఉరికంబం ఎక్కేనాటికి అతనికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. రోజూ ఫిష్‌ప్లేట్లు బిగించే ఊరు ఆ పిల్లవాడి పేరు గుండె మీద పెట్టుకుంది. ఒళ్ళు జలదరించిందా? నాకైతే ఈ పేరు విన్నప్పుడల్లా జలదరిస్తుంది!

మీకు తెలుసా? రవీంద్రనాథ్ ఠాగూర్ కవితలో ఈ స్టేషన్ ఉంది! 1918లో వచ్చిన 'పలాతకా' సంపుటిలో 'ఫాంకి' అనే కవిత. జబ్బుపడిన భార్యను గాలి మార్పు కోసం తీసుకెళుతూ భర్త బిలాస్‌పూర్‌లో బండి మారాలి. ఆరుగంటలు పడిగాపులు! అక్కడ రుక్మిణి అనే కూలీ భార్య, కూతురి పెళ్ళికి 25 రూపాయలు కావాలని తన గోడు వెళ్ళబోసుకుంటుంది. ఇచ్చెయ్యమంటుంది భార్య. చాటుకు తీసుకెళ్ళి ఆయన ఇచ్చింది ఎంతనుకున్నారు? రెండంటే రెండు రూపాయలు! భార్య పోయాక మనసు కుదుటపడక, ఆ బాకీ తీర్చాలని మళ్ళీ వస్తాడు. రుక్మిణి ఏదీ? ఊరొదిలి వెళ్ళిపోయింది! 23 రూపాయల బాకీ ఒక మహాకవితలో నూరేళ్ళకు పైగా అలాగే ఉంది. ఆ కవితను స్టేషన్లో గోడకు పెట్టారు కూడా. కనెక్షన్ బండి ఆలస్యమైతే విసుక్కోకండి, వెళ్ళి చూడండి. అలాంటి ఆరుగంటల్లోంచే అది పుట్టింది!

కవిత్వం చాలు, అంకెలు కావాలా? ఇదుగో!

2022 ఆగస్టు 15. కోర్బా నుంచి ఒక బొగ్గుబండి కదిలింది. పేరు సూపర్ వాసుకి. పొడవు మూడున్నర కిలోమీటర్లు! వ్యాగన్లు 295, ఇంజన్లు 6, బొగ్గు 27,000 టన్నులకు పైగా! అయిదు గూడ్సులు ఒకదానికొకటి తగిలించి ఒకే బండిగా నడిపారు. మన 802 మీటర్ల ప్లాట్‌ఫారాలు నాలుగు వరసగా పెట్టినా ఆ బండికి చాలవు, తోక బయటే ఉంటుంది! గేటు దగ్గర స్కూటర్ ఆపినవాళ్ళు ఆ రోజు పెట్టెలు లెక్కపెడుతూ ఏ నూటయాభై దగ్గరో లెక్క తప్పి ఉంటారు, పందెం!

అది నడిచింది 267 కిలోమీటర్లు, రాజ్‌నాంద్‌గావ్ దాకా. పట్టిన సమయం 11 గంటల 20 నిమిషాలు. 27,000 టన్నులు వీపున ఉంటే మీరూ నేనూ అంతకన్నా జోరుగా వెళ్ళగలమా!

ఆ వంశం వివరాలు కూడా వినండి. 2020లో సూపర్ అనకొండ, అదే ఏడు 2.8 కిలోమీటర్ల శేషనాగ్, 2021లో వాసుకి, ఆపైన సూపర్ వాసుకి. అన్నీ ఈ జోన్‌వే, అన్నీ పాముల పేర్లే! ఈ పట్టాల మీద గూడ్సుకు పేరు పెట్టాలంటే ముందు పుట్ట వెతకాలి కాబోలు!

ఇంత బొగ్గు ఎక్కడిదంటారా? బొగ్గు కంపెనీ ఎస్‌ఈసీఎల్ ముఖ్య కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే. 2024లో వరల్డ్ అట్లాస్ ప్రపంచంలోని పెద్ద బొగ్గుగనుల జాబితా వేస్తే, ఈ కంపెనీకి చెందిన గేవ్రా రెండో స్థానంలో, కుస్ముండా నాలుగో స్థానంలో నిలిచాయి. పదింట్లో రెండు ఒకే ఇంటివి!

మీకు తెలుసా? ఇదే జోన్‌కు ఒక బుల్లి రైళ్ళ మ్యూజియం కూడా ఉంది! నాగపూర్ మోతీబాగ్‌లో, 2002లో తెరిచారు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద పరిగెత్తిన నారోగేజ్ ఇంజన్లు అక్కడ సేదతీరుతున్నాయి. సాత్పురా కొండల్లో ఆ బుల్లి పట్టాల పొడవు ఒకప్పుడు వెయ్యి కిలోమీటర్ల దాకా ఉండేది! మూడున్నర కిలోమీటర్ల సూపర్ వాసుకికీ, ఈ బుజ్జి బండికీ యజమాని ఒక్కరే. ఏనుగునూ చీమనూ ఒకే సంసారంలో పెంచారన్నమాట!

బిలాస్‌పూర్ జైలు చూశారా? అయ్యో, బయటినుంచే లెండి! హిందీ బడిపిల్లలందరికీ నోటికొచ్చే 'పుష్ప్ కీ అభిలాషా' కవిత ఎక్కడ పుట్టిందో తెలుసా? ఈ జైల్లోనే! మాఖన్‌లాల్ చతుర్వేది 1921లో బిలాస్‌పూర్‌లో చేసిన ప్రసంగానికి ప్రభుత్వం కోర్టుకీడ్చి, జైల్లో వేసింది. ఆయన లోపల కూర్చుని ఒక పువ్వు చేత మాట్లాడించారు. ప్రసంగాన్ని ఆపగలిగారు గానీ, ఆ పువ్వు నోరు మూయించడం ఎవరి తరం!

గాంధీజీ కూడా వచ్చారు. 1933 నవంబర్ 25న, హరిజన యాత్రలో. శనిచరీ దగ్గర సభ. సభ అయ్యాక ఆయన కూర్చున్న వేదిక ఏమైందో తెలుసా? ఇటుకలూ, మట్టీ జ్ఞాపకంగా జనం ఎవరికి వారు ఇంటికి పట్టుకుపోయారని ఊళ్ళో చెప్పుకుంటారు! సభ ముగిశాక వేదిక విప్పే ఖర్చు లేకుండా పోయిన ఏకైక కార్యకర్తలు వాళ్ళే అయ్యుంటారు!

మీకు తెలుసా? తెలంగాణ పల్లె కథతో వచ్చిన 'అంకుర్' సినిమాకు మాటలు రాసింది బిలాస్‌పూర్ బిడ్డ! 1936లో ఇక్కడ పుట్టిన సత్యదేవ్ దూబే. దర్శకుడు శ్యామ్ బెనెగల్ మన హైదరాబాదీ. దూబే బొంబాయికి వెళ్ళింది క్రికెటర్ అవుదామని! నాటకరంగం ఆయన్ను క్యాచ్ పట్టేసింది!

నాటకకర్త శంకర్ శేష్, 'మగధ్' కవి శ్రీకాంత్ వర్మ పుట్టింది కూడా ఇక్కడే. 1931, 1933, 1936... అయిదేళ్ళలో ముగ్గురు! అర్పా నీళ్ళలో ఏం కలిసిందో ఆ రోజుల్లో!

కార్తీక ఏకాదశి దాటాక వస్తే ఇంకో అద్భుతం. రావత్ నాచ్! యాదవులు గవ్వలు కుట్టిన చొక్కాలు తొడిగి, తలపాగాలో నెమలీకలు దోపి, కర్రలు తిప్పుతూ దోహాలు అందుకుంటారు. 1978 నుంచి ఏటా ఊళ్ళో మహోత్సవం జరుగుతోంది. పల్లెపల్లె నుంచి జట్లు దిగుతాయి. అన్ని కర్రలు గాల్లో తిరుగుతుంటే చూసేవాళ్ళు నాలుగడుగులు వెనక్కి నిలబడటం మంచిది!

ఊళ్ళో నడక అయింది. ఇప్పుడు బయటి మ్యూజియాలకు పదండి. ముందు రాయ్‌పూర్!

మీకు తెలుసా? రాయ్‌పూర్ మ్యూజియం 1875 నాటిది! కట్టించింది రాజ్‌నాంద్‌గావ్ పాలకుడు మహంత్ ఘాసీదాస్. రైలు కన్నా మ్యూజియం ముందొచ్చింది! అంటే ఛత్తీస్‌గఢ్‌లో తొలి సందర్శకులు ఎడ్లబండి దిగి టిక్కెట్టు తీసుకున్నారన్నమాట!

ఆ మ్యూజియంలో ఒక చెక్క ముక్క ఉంది. చెక్కే కదా అని దాటిపోకండి, అదే అసలు నిధి! 1921. కరువు. అప్పటి బిలాస్‌పూర్ జిల్లా కిరారీ గ్రామంలో హీరాబంధ్ అనే చెరువు ఎండిపోయింది. రైతులు చెరువుమట్టి తవ్వుకుంటుంటే బురదలోంచి ఒక కొయ్య స్తంభం బయటపడింది. ఒళ్ళంతా అక్షరాలు! వయసెంతో తెలుసా? శాతవాహనుల కాలం! అవునండీ, మన శాతవాహనులే! రాతి మీద శాసనాలు కోకొల్లలు, రాగి మీద కొల్లలు. కొయ్య మీద, అదీ ఇన్ని శతాబ్దాలు నిలిచింది ఎక్కడైనా విన్నారా?

ఆగండి, గుండె గుభేలుమనే ముక్క ఇప్పుడొస్తుంది. వందల ఏళ్ళు నీళ్ళలో భద్రంగా ఉన్న ఆ కొయ్య, ఎండ తగలగానే పగుళ్ళిచ్చింది. పొరలు లేచాయి. అక్షరాలు కళ్ళముందే రాలిపోయాయి! మరి దాని మీద ఏముందో మనకెలా తెలిసింది? ఊళ్ళో ఒక పండితుడు, ఆ లిపి తనకు రాకపోయినా, కనిపించిన గీతలను కనిపించినట్టే కాగితం మీదికి ఎక్కించి ఉంచాడు! చదవలేని అక్షరాలను కాపాడిన చెయ్యి అది. ఆ పెద్దమనిషికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే!

అందులో ఏముందో తెలుసా? ఉద్యోగుల జాబితా! నగరరక్షకుడు, సేనాపతి, లెక్కలవాడు, భాండాగారం చూసేవాడు, వంటశాల అధికారి కూడా! రైల్వే జోన్ ఆఫీసు రాకముందే ఈ గడ్డ మీద సిబ్బంది పట్టిక ఉందండీ బాబూ!

శాతవాహనులు ఇంకో గుర్తు కూడా వదిలారు. మహానది ఒడ్డు బాల్పూర్‌లో అపీలకుడి పేరుతో రాగి నాణెం దొరికింది. పురాణాల వంశావళిలో పేరు మాత్రమే మిగిలిన రాజు. చిల్లర పారేసుకుని చరిత్రకెక్కాడు!

ఇక బిలాస్‌పూర్ చుట్టుపక్కలకు రండి. మల్హార్! ఇక్కడి మ్యూజియంలో నాలుగు చేతుల విష్ణువు ఉన్నాడు. ఆ విగ్రహం మీద బ్రాహ్మీ లిపి. క్రీస్తుకు పూర్వం 200 ప్రాంతానిదని చెబుతారు. దేశంలో దొరికిన విష్ణు విగ్రహాల్లో అతి పాతదిగా పేరు. పెద్దాయన్ను చూడగానే చెప్పులు వాటంతటవే ఊడిపోతాయి!

మల్హార్‌లోనే డిడినేశ్వరి అమ్మవారు. నిగనిగలాడే నల్లరాయి. 1991లో దొంగలు ఆమెను ఎత్తుకుపోయారు! ఎక్కడ దొరికిందో తెలుసా? ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురిలో! అమ్మవారు తిరిగొచ్చి తన గుళ్ళో కూర్చుంది. టిక్కెట్టు లేకుండా తీసుకెళ్ళినవాళ్ళకు పెనాల్టీ పడే ఉంటుంది!

ఆ ఊళ్ళోనే పాతాళేశ్వరుడు. 1167 ప్రాంతంలో కట్టిన గుడి. శివుణ్ణి చూడాలంటే మెట్లెక్కడం కాదు, దిగాలి! మోకాళ్ళ నొప్పులవాళ్ళు వెళ్ళేటప్పుడు సంతోషిస్తారు, వచ్చేటప్పుడు శివుణ్ణి తలుచుకుంటారు!

రతన్‌పూర్ ఎందుకు వదలాలి? పాతిక కిలోమీటర్లే. కలచురి రాజుల రాజధాని, మహామాయ అమ్మవారి ఊరు. మీకు తెలుసా? ఇక్కడి రెండో రత్నదేవుడు కళింగాధిపతి చోడగంగుణ్ణి ఓడించానని శాసనాల్లో చెప్పుకున్నాడు! గంగరాజుల పాత రాజధాని మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగం. అంటే బీఎన్ఆర్‌కు ఏడెనిమిది వందల ఏళ్ళ ముందే సిక్కోలుకూ రతన్‌పూర్‌కూ రాకపోకలున్నాయి. కాకపోతే అప్పుడు కత్తులతో, ఇప్పుడు టిఫిన్ క్యారేజీలతో!

ఇక చివరి మజిలీ తాలా. బిలాస్‌పూర్ నుంచి ముప్పై కిలోమీటర్ల దూరం, మనియారీ నది ఒడ్డు. 1987-88 తవ్వకాల్లో ఇక్కడ బయటపడిన విగ్రహాన్ని చూసి పండితులే బుర్ర గోక్కున్నారు, ఇప్పటికీ గోక్కుంటున్నారు! రుద్రశివుడంటారు. ఎత్తు దాదాపు తొమ్మిదడుగులు, బరువు అయిదు టన్నుల పైమాటే.

దగ్గరికెళ్ళి చూడండి. తలపాగా అనుకున్నారా? చుట్టలు చుట్టుకున్న పాములు! ముక్కు చూడండి, తల కిందికి పెట్టి దిగుతున్న బల్లి! మీసాలు రెండు చేపలు. గడ్డం ఒక ఎండ్రకాయ. చెవులు నెమళ్ళు. భుజాలు మొసలి నోళ్ళు. ఛాతీ మీద మనిషి ముఖాలు, పొట్టంతా ఒకటే పెద్ద ముఖం, తొడల మీద మళ్ళీ ముఖాలు, మోకాళ్ళలో సింహాలు! ఇలాంటిది దేశంలో రెండోది లేదు. జూకీ మ్యూజియానికీ ఒకే టిక్కెట్టు! పిల్లల్ని తీసుకెళ్ళండి, ఎవరు ఎక్కువ జంతువుల్ని కనిపెడతారో పందెం వేయండి. పెద్దవాళ్ళు ఓడిపోవడం ఖాయం!

ఆ విగ్రహం దొరికిన చోట రెండు పాత గుళ్ళున్నాయి, పక్కపక్కనే. పేర్లు తెలుసా? దేవరానీ గుడి, జేఠానీ గుడి. అంటే సాక్షాత్తూ తోడికోడళ్ళ గుళ్ళు! పదిహేను వందల ఏళ్ళ నాటి కట్టడాలు. చిన్నకోడలి గుడి కాస్త నిలబడి ఉంది, పెద్దకోడలి గుడి బాగా శిథిలమైంది. ఎవరి గుడి అందంగా ఉందని మాత్రం అక్కడ పైకి అనకండి, మీతో వచ్చిన తోడికోడళ్ళు వింటారు!